పోలీసులు తలుపు తడితే వారెంటు అడగాలా, లోపలికి రానివ్వాలా?

టీచరమ్మ, కడప
పోయిన నెల తెల్లవారుజామున ఐదింటికి మా వీధిలో కార్డన్ సెర్చ్ (వీధిని చుట్టుముట్టి ఇంటింటా సోదా) జరిగింది. కళ్లాపి చల్లుతున్న మా అత్తగారిని పక్కకు జరగమని నలుగురు లోపలికి వచ్చారు. బీరువా తెరిపించారు, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికారు. ఏమీ దొరకలేదు. పోతూ పోతూ తెల్లకాగితం మీద మావారి సంతకం తీసుకున్నారు. బండి కాగితాలు చూపించడానికి మాకు అభ్యంతరం లేదు. ఇంట్లోకి రావాలంటే వారెంటు అడగాల్సిందా? అడిగితే లేనిపోని గొడవ అంటారు మావారు.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, కర్నూలు
మీవారు చెప్పిందే సరైన మాటమ్మా. ఫ్యాక్షన్ గ్రామాల్లో గడ్డివాముల నుంచి నాటుబాంబులు తీసినవాణ్ని నేను. వారెంటు కోసం కోర్టుకు వెళ్లి వచ్చేలోగా సరుకు ఊరు దాటేది. తప్పు చేయనివారికి భయమెందుకు?

న్యాయవాది, అనంతపురం
భయమెందుకనే ఆ మాటతోనే నాకు పేచీ. వారెంటు లేని సోదా చట్టంలో ఉంది, కాదనను. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టంలో, అది 185వ సెక్షన్. అయితే దర్యాప్తులో ఉన్న నేరం ఒకటి ఉండాలి. ఆలస్యమైతే ఆ వస్తువు దొరకదని నమ్మే కారణాలను ముందే రాసిపెట్టాలి. ఆ రాత నకలు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి, అడిగితే ఇంటివారికి ఉచితంగా ఇవ్వాలి. ఏ కేసూ లేకుండా వీధిలోని ప్రతి బీరువా తెరిపించే అధికారం ఆ సెక్షన్ ఇవ్వదు.

అందుకే వారెంటు ఉందా అని అడిగి ఊరుకోకండి, ఏ కేసులో వచ్చారో కూడా అడగండి. ఆ ప్రాంతానికి చెందిన, కేసుతో సంబంధం లేని ఇద్దరు మధ్యవర్తులు (సోదాకు సాక్షులు) ఉండాలి. సోదా జరుగుతున్నంతసేపూ ఇంటివారు అక్కడే ఉండవచ్చు. వీడియో తీయడం ఇప్పుడు పోలీసుల బాధ్యత. తీసుకెళ్లిన వస్తువుల జాబితా నకలు ఇంటివారికి ఇవ్వాలి.

తోపుడుబండి వ్యాపారి, కడప
నల్లకోటు వేసుకున్నవారు అడిగితే జవాబు చెబుతారు సార్. మా తమ్ముడి మీద రౌడీషీటు ఉంది. అర్ధరాత్రి తలుపు కొడితే లుంగీ సర్దుకుంటూ లేచి నేను సెక్షన్లు చదవాలా? ఒకసారి ఎందుకని అడిగాను. మర్నాడంతా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ రోజు బండి మీది టమోటాలన్నీ కుళ్లిపోయాయి.

న్యాయవాది, అనంతపురం
మీ కష్టం నిజం. నిఘాలో ఉన్న మనిషి ఇంటికి పోలీసులు రాత్రిపూట వెళ్లడానికి వీలిచ్చిన ఉత్తరప్రదేశ్ నిబంధనను సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో కొట్టేసింది. అయినా తలుపుకు అడ్డం నిలబడమని మాత్రం చెప్పను. విధులకు ఆటంకం కలిగించారని మీ మీదే కేసు పడుతుంది. పైగా సోదా అక్రమమైనంత మాత్రాన దొరికిన వస్తువు సాక్ష్యంగా చెల్లకుండా పోదని 1973లో పూరణ్‌మల్ తీర్పు చెప్పింది. అడ్డుకుని సాధించేది తక్కువ. నాకు సమ్మతం లేదని నలుగురూ వినేలా చెప్పి పక్కకు తప్పుకోండి. తేదీ, సమయం, చొక్కా మీది పేరు రాసుకోండి. ఆ వివరాలతో ఎస్పీకి స్పీడ్ పోస్టులో ఫిర్యాదు పంపండి.

టీచరమ్మగారూ, నన్ను కలవరపెడుతున్నది మీవారి సంతకం. దానిపైన రేపు ఏం రాస్తారో ఎవరికి తెలుసు? ఆ కాగితం సంగతి ఈరోజే రాసి పంపండి.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, కర్నూలు
తెల్లకాగితం మీద సంతకం మా రోజుల్లోనూ తప్పే. అంతవరకు ఒప్పుకుంటాను. గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలడగడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను.