సీప్యాప్ పెట్టుకున్నా పొద్దున్నే నోరు పిడచకట్టుకుపోతోంది

ప్రశ్న: వయసు 51, స్లీప్ స్టడీలో ఏహెచ్‌ఐ (నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క) 34. నిద్రలో ఊపిరి ఆగకుండా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మెషిన్, దానికి ముక్కు మాస్క్ ఇచ్చారు. గురక ఆగింది గానీ నోరు ఎండిపోతోంది, అర్ధరాత్రి మాస్క్ బుస్సుమంటోంది. పట్టీలు ఇంకా బిగించాలా?

జవాబు: వద్దండీ, అందరూ చేసే పొరపాటే అది. సిలికాన్ అంచు గాలికి ఉబ్బి ముఖానికి అతుక్కోవాలి. నొక్కేస్తే మడతపడి అక్కడే కారుతుంది. పడుకుని, ప్రెజర్ పూర్తిగా వచ్చాక పట్టీలు వదులు చేయండి. మాస్క్‌ను కొంచెం ముందుకు లాగి వదిలి, అప్పుడు సర్దండి. ఆ సిలికాన్ కుషన్‌ను రోజూ సబ్బునీళ్లతో కడగాలి, ముఖం జిడ్డుంటే జారుతుంది.

జవాబు: నోరు ఎండడం వేరే గొడవ. నిద్రలో నోరు తెరుచుకుని గాలంతా అటే పోతోంది. ముందు ముక్కు దిబ్బడ సంగతి చూడండి, సెలైన్ స్ప్రే చాలాసార్లు సరిపోతుంది. గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫైయర్ ఒక మెట్టు పెంచండి, డిస్టిల్డ్ వాటరే పోయండి. అప్పటికీ తగ్గకపోతే నోరూ ముక్కూ కప్పే మాస్క్ అడగండి. నోటికి టేపు మాత్రం వద్దు. రెస్‌మెడ్ కంపెనీ మెషిన్ అయితే లీక్ నిమిషానికి 24 లీటర్లు దాటకూడదు. మెషిన్ చూపే ఏహెచ్‌ఐ 5 లోపుండాలి.

జవాబు: తేమ పెంచాక ట్యూబులో గుడగుడమంటే కంగారొద్దు. ఏసీ చలికి ఆవిరి నీరవుతుంది. ట్యూబును దుప్పటి కిందికి లాక్కోండి.