మదర్‌బోర్డు మార్చినా పాత విండోస్‌నే కొనసాగించవచ్చా?

ప్రశ్న:
విజయవాడలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఇంటెల్ 4వ తరం ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు ఉన్న మా కంప్యూటర్ పని మధ్యలో ఆగిపోతోంది. కేబినెట్ తెరిచి చూస్తే ప్రాసెసర్ పక్కనున్న రెండు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. 12వ తరం ఐ3-12100 ప్రాసెసర్, బీ660 బోర్డు కొనాలనుకుంటున్నాను. అయితే విండోస్ 10తో పాటు పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, ఏళ్ల తరబడి కూర్చుకున్న ఫాంట్లు అన్నీ సాటా ఎస్‌ఎస్‌డీ డిస్క్‌లోనే ఉన్నాయి. వాటి సీడీలు నా దగ్గర లేవు. ఆ ఎస్‌ఎస్‌డీనే కొత్త బోర్డుకు తగిలించి పని చేసుకోవచ్చా?

జవాబు 1:
చేసుకోవచ్చండీ. విండోస్ 7 వరకు డిస్క్ కంట్రోలర్ మారితే నీలి తెర వచ్చి ఆగిపోయేది గానీ, విండోస్ 10 మొదటి బూట్‌లోనే కొత్త హార్డ్‌వేర్‌ను గుర్తించి చాలావరకు తానే సర్దుకుంటుంది. మీకు అసలు అడ్డంకి బూట్ పద్ధతి, అంటే కంప్యూటర్ విండోస్‌ను మొదలుపెట్టే తీరు. పాత బోర్డులో విండోస్ లెగసీ (పాత బయోస్) పద్ధతిలో, ఎంబీఆర్ (పాత తరహా విభజన పట్టిక ఉన్న) డిస్క్ మీద ఎక్కించి ఉంటే, 12వ తరం ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో అది బూట్ కాదు. యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి), జీపీటీ (కొత్త తరహా విభజన పట్టిక) తప్పనిసరి. విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం డేటా పోకుండా డిస్క్‌ను మారుస్తుంది. బోర్డు ఏ క్షణంలో ఆగుతుందో తెలియదు కనుక ముందుగా ఎస్‌ఎస్‌డీ మొత్తాన్ని వేరే డ్రైవ్‌కు క్లోన్ (ఉన్నది ఉన్నట్లు నకలు) చేసి, ఆ తరువాతే ఆ సాధనాన్ని నడపండి. మార్పిడి అయ్యాక పాత బోర్డు బయోస్‌లోనూ బూట్‌ను యూఈఎఫ్‌ఐకి మార్చి, విండోస్ తెరుచుకుందని చూసుకున్నాకే ఎస్‌ఎస్‌డీని విప్పండి.

జవాబు 2:
పై సలహాకు లైసెన్స్ సంగతి చేర్చాలి. విండోస్ డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. మీది రిటైల్ (విడిగా కొన్న) లైసెన్స్ అయితే, ఇప్పుడే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు జోడించుకోండి. కొత్త బోర్డు మీద యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చినట్లు చెబితే అది తిరిగి వస్తుంది. కంప్యూటర్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్స్ మాత్రం కొత్త బోర్డుకు బదిలీ కాదు, కొత్త లైసెన్స్ ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉంటే తప్పక సస్పెండ్ చేసి (తాత్కాలికంగా ఆపి), 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. కొత్త బోర్డు లాన్ (నెట్‌వర్క్) డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, లేకపోతే ఇంటర్నెట్టే లేక ఇబ్బంది పడతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ ప్రైమరీగాను, డీ, ఈ డ్రైవ్‌లు ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (తనలో మరికొన్ని భాగాలను పట్టే డిస్క్ భాగం) లోపల లాజికల్‌గాను కనిపిస్తున్నాయి. ఇది ఇబ్బందా?

జవాబు 1:
ఇబ్బందేనండీ. ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉంటే ఆ సాధనం మార్పిడికి ఒప్పుకోదు, ప్రైమరీ పార్టిషన్లు కూడా మూడుకు మించరాదు. క్లోన్ అయ్యాక డీ, ఈలలోని ఫైళ్లు వేరే డ్రైవ్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూసి, అప్పుడు ఆ రెండింటినీ, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌నూ తొలగించి, ముందు ఆ సాధనంలో వ్యాలిడేట్ (పరీక్ష) మాత్రమే నడపండి. అది తప్పు చూపకపోతే కన్వర్ట్‌కు (అసలు మార్పిడికి) వెళ్లండి. ఫాంట్లను ఏ డ్రైవ్‌లో దాచారో మాత్రం తొలగించే ముందు మరోసారి చూసుకోండి.