కాల్చిన తూటా కేసుకు నెక్ సైజింగ్ చాలా, ఫుల్ లెంత్ కావాలా?

బురుజుకాడ (కర్నూలు):
టెక్సస్‌లో ఉండే మా తమ్ముడు తన బోల్ట్ రైఫిల్ తూటాలు తనే రీలోడ్ చేసుకుంటాడు, అంటే కాల్చిన ఇత్తడి గొట్టాన్ని (కేసు) మళ్లా నింపుతాడు. ఇంతవరకు నాలుగు సార్లు కాల్చిన కేసులకు నెక్ (గుండును పట్టుకునే మెడ) మాత్రమే సైజ్ చేసినాడంట, అంటే అచ్చులో (డై) నొక్కి కొలతకు తెచ్చినాడు. ఇప్పుడు బోల్ట్ (తూటా వెనక మూసే గడియ) పిడి దించేటప్పుడు బిగుసుకుంటాంది. కేసునంతా నొక్కే ఫుల్ లెంత్ డైలో పెడితే కేసు తొందరగా పోతుందని కొందరు, పెట్టకపోతే కుదరదని కొందరు. ఏది నిజం?

రూల్‌బుక్:
ఇది చదివి ఇక్కడెవరూ మొదలుపెట్టొద్దు. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 5 చూసుకోండి, లైసెన్సు లేకుండా తూటా తయారీ నేరం.

పెన్నాగట్టు (జమ్మలమడుగు, ప్రస్తుతం టెక్సస్):
ఫుల్ లెంత్. వేరే మాట లేదు. పేలినప్పుడు కేసు చాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) గోడకు అతుక్కునేంత ఉబ్బి, మళ్లా కొంచెం వెనక్కి వస్తుంది. మొదటిసారికే పూర్తిగా చాంబర్ ఆకారం రాదు. మూడు నాలుగు సార్లయ్యాక వస్తుంది, అప్పుడు పిడి బిగుస్తుంది. ప్రైమర్ (అడుగున మందు అంటించే చిన్న బిళ్ల) తీసేసి (పైకి పొడుచుకొచ్చిన ప్రైమర్ ఉంటే కొలత తప్పుతుంది) కంపారేటర్ అనే కొలత సాధనంతో షోల్డర్ (మెడ కింది వాలు) కొలవాలి. దాన్ని 0.002 అంగుళం, అంటే 0.05 మి.మీ. మాత్రమే వెనక్కి నెట్టాలి. డైని షెల్‌హోల్డర్‌కు (కేసు అడుగును పట్టే ముక్క) తగిలించి ఇంకో పావు చుట్టు బిగించే పద్ధతి వద్దు. షోల్డర్ అవసరానికి మించి వెనక్కి పోతే కేసు పేలిన ప్రతిసారీ సాగుతుంది, అడుగుకు కాస్త పైన లోపల పలచబడుతుంది. బయట మెరిసే గీత కనిపించిందంటే ఇంకోసారికి కేసు రెండు ముక్కలు.

లేత్‌పని (అనంతపురం):
డై మరకు అంగుళానికి 14 చుట్లు. 0.002 కావాలంటే సుమారు 10 డిగ్రీలు తిప్పాల. లాక్ నట్ బిగించేటప్పుడే అంత జరుగుతుందప్పా. చేత్తో తిప్పి కుదిరిందనుకునేవాళ్ల మాట నమ్మలేం. చాంబర్‌కు సరిపోయిన కేసును మళ్లా నలపడమే దండగ. నలిపేకొద్దీ ఇత్తడి గట్టిపడి చీలుతుంది. నెక్ చాలు.

పెన్నాగట్టు:
నెక్ చాలదనే కదా ఆయప్ప అడిగింది! బోల్ట్ బిగుసుకుంటాంటే నెక్ అంటావేంది?

కుంపటి (ప్రొద్దుటూరు):
ఇద్దరూ కాక (ఇత్తడిని వేడిచేసి మెత్తబరచడం) మీద మాట్లాడలేదు. కేసు ఇత్తడిలో రాగి 70, జింకు 30. పని పెట్టేకొద్దీ గట్టిపడి, డైలోంచి తీసినంక స్ప్రింగ్ మాదిరి వెనక్కి లేస్తుంది. ఒకటి 0.002 తగ్గితే ఇంకొకటి తగ్గదు. మెడ, షోల్డర్ మాత్రమే కొన్ని క్షణాలు మంటకు చూపించాల. ఎర్రబడేదాకా పోకూడదు. అడుగుకు వేడి తగలనే కూడదు, ఒత్తిడి మోసేది అదే. అది మెత్తబడితే ప్రైమర్ గుంత వదులై గ్యాస్ వెనక్కి తంతుంది. తర్వాత నీళ్లలో వేసెయ్యాల.

లేత్‌పని:
నీళ్లలో వేస్తే గట్టిపడదా? మెత్తబరిచి మళ్లా గట్టిపరిచేది ఏం పని?

కుంపటి:
అది ఉక్కు అన్నా. ఇత్తడికి నీళ్లు పోసినా ఒకటే, గాలికి పెట్టినా ఒకటే. వేడి అడుగుకు పాకకుండా ఆపడానికే నీళ్లు.

లేత్‌పని:
నలభై ఏండ్లుగా లేత్ మీదుండా. నాకు లోహం నేర్పొద్దు.

కుంపటి:
నేర్పడంలేదు. ఒక ఇత్తడి రేకు కాల్చి నీళ్లలో ముంచి వంచి చూడు.

పెన్నాగట్టు:
నీళ్ల సంగతి వదలండి. లేత్‌పని, నువ్వు పోయిన చర్చలో కూడా నా కొలత తప్పంటివి. అసలు నీ మనసులో ఏ తూటా ఉంది?

లేత్‌పని:
.303. మన లైసెన్సు రైఫిల్ .315 కూడా అదే జాతి.

పెన్నాగట్టు:
ఇది ముందే చెప్పొచ్చు కదబ్బా! అవి అడుగున బయటికొచ్చిన అంచున్న కేసులు. చాంబర్‌లో ఆగేది అంచు మీద. అందుకే షోల్డర్ ఎక్కడుందో నీకు పట్టలేదు. నేను చెప్పేది .308. దానికి అంచు లేదు, ఆగేది షోల్డర్ మీదే. అది అతిగా తగ్గితే కేసు చాంబర్‌లో వదులు, తగ్గకపోతే బోల్ట్ బిగుతు.

లేత్‌పని:
సరే, .308కు నీ మాటే. కానీ .303 కాల్చే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో బోల్ట్ పట్టు వెనక పక్క, పేలినప్పుడు కొంచెం సాగుతుంది. పైగా చాంబర్ వదులు. అందుకే కొత్త కేసును మొదటిసారి పేల్చేటప్పుడు అంచు ముందర సన్న రబ్బరు రింగు వేస్తారు, కేసు బోల్ట్ ముఖానికి ఆనుకుని, షోల్డర్ ముందుకు సాగేట్టు. అట్ల సాగిన కేసును మళ్లా ఫుల్ లెంత్‌లో నలిపితే ఆ రింగు వేసిందెందుకు? నాకు ఒక కేసు పదిసార్లు రావాల. నీకు ప్రతి తూటా సుఖంగా చాంబర్లోకి పోవాల. అంతే తేడా.

కుంపటి:
నీళ్ల సంగతి తేలలేదు.

బురుజుకాడ:
తమ్ముణ్ణి అడిగినా. .308 అంట. షోల్డర్ ఎప్పుడూ కొలవలేదంట, కంపారేటర్ కూడా లేదంట. ముందు అది కొనమని చెప్పినా.