యూనిఫాం చీర డబ్బులు జీతంలో కోయవచ్చా? చీర కట్టు సరిగా లేదని జరిమానా వేయవచ్చా? (మారుపేర్లతో రాసిన ప్రశ్న, జవాబులు)

నర్సంపేట బస్సు:

నేను హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో ఉన్న ఒక బట్టల షోరూంలో నాలుగేళ్లుగా పట్టుచీరల సెక్షన్‌లో పని చేస్తున్నాను. నెల జీతం 13,500 రూపాయలు. అన్ని అంతస్తులూ కలిపి నలభై మందికి పైగా పనివాళ్లం ఉంటాం. మొన్నటి దసరా వరకు మాకు యూనిఫాం అంటూ ఏదీ లేదు. శుభ్రమైన చీర కట్టుకుని, మెడలో షాపు కార్డు వేసుకుని వస్తే సరిపోయేది. దసరా సీజన్ మొదలయ్యే ముందు మేనేజర్ గారు అందరినీ మేడ మీదికి పిలిచి, ఇక నుంచి ఆడవాళ్లందరూ మెరూన్ రంగు సింథటిక్ చీర, నల్ల బూట్లు వేసుకోవాలని, మగవాళ్లు అదే రంగు చొక్కా తొడుక్కోవాలని చెప్పి, ఒక్కొక్కరికి రెండేసి చీరలు చేతిలో పెట్టారు. షాపే ఇస్తోందని సంతోషించాము. అయితే ఒక్కో చీరకు 1,450 చొప్పున మొత్తం 2,900 రూపాయలు రెండు నెలల జీతంలో కోసేశారు. ఆ చీర మా షాపులో అమ్మకానికి పెడితే ఆరు వందలకు కూడా ఎవరూ తీసుకోరని పదేళ్లుగా చీరలు మడతపెట్టే మా అక్కలే అంటున్నారు.

అంతటితో ఆగలేదు. కుచ్చిళ్లకు పిన్ను లేకపోయినా, బూట్లకు బదులు చెప్పులు వేసుకున్నా, చేతి గాజులు చప్పుడు చేసినా రోజుకు రెండు వందల జరిమానా వేస్తున్నారు. నిచ్చెన మెట్టెక్కి పై అరలోని కట్టలు దించుతుంటే ఆ జారుడు చీర భుజం మీద నిలవదు, నాలుగు పిన్నులు పెట్టినా కొంగు జారుతూనే ఉంటుంది. నవంబర్‌లో నాకు ఆరు రోజులు జరిమానా పడి 1,200 రూపాయలు పోయాయి. అందులో ఒక రోజు, కట్టలు దించుతుండగా నా చీర నడుము దగ్గర జారినప్పుడు ఫ్లోర్ ఇన్‌ఛార్జి సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, షాపు వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఇలా ఉంటే జరిమానా తప్పదని రాశాడు. ఆ గ్రూపులో మగవాళ్లు కూడా ఉన్నారు. ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్లేటప్పుడు పక్కన కూర్చున్న వాళ్లకు ఏడుపు కనపడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంకొక్క మాట అడగాలి. మా సెక్షన్‌లో పని చేసే ముస్లిం చెల్లెలు తలకు రుమాలు కట్టుకుంటానంటే యూనిఫాం కాదని వద్దన్నారు. అదే సమయంలో అయ్యప్ప మాల వేసుకున్న ఇద్దరు అన్నలు నల్ల బట్టలతో, బూట్లు లేకుండా, గడ్డంతో నలభై ఒక్క రోజులూ వస్తుంటే ఎవరూ ఏమీ అనలేదు. మా సేటు కూడా ఏటా మాల వేస్తారు. ఆ అన్నలను ఆపాలని నేను అడగడం లేదు. ఒకరికి వీలైనది మరొకరికి ఎందుకు వీలు కాదన్నదే నా సందేహం. ఈ విషయాల్లో చట్టం ఏమంటుందో తెలిసినవారు చెప్పగలరా? కొలువు పోతుందన్న భయం కూడా ఉంది.

అదాలత్ వకీలు:

అమ్మా, మీ ప్రశ్నలో నాలుగు వేర్వేరు విషయాలు కలిసి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోతే బలమైన భాగం బలహీనమైన భాగంతో పాటు కొట్టుకుపోతుంది.

యూనిఫాం పెట్టే అధికారం యజమానికి ఉందా అంటే, ఉంది. ప్రైవేటు షాపులో యూనిఫాం పెట్టకూడదని ఏ చట్టమూ చెప్పదు కాబట్టి, చీర రంగు నచ్చలేదన్న వాదనతో ఎక్కడికి వెళ్లినా లాభం ఉండదు. నేనే వరంగల్ ఎండల్లో నల్లకోటు వేసుకుని తిరిగే మనిషిని. వేసవిలో సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో కోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమాలే సడలింపు ఇచ్చినా, మాలో చాలామంది అలవాటు కొద్దీ వేసుకునే వస్తారు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి యజమాని అధికారానికి గట్టి హద్దులున్నాయి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్న నియమాలే దాదాపు అదే రూపంలో 2019 వేతనాల కోడ్‌లోకి వచ్చాయి. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. జీతంలో ఏయే కోతలు కోయవచ్చో కోడ్ 18వ సెక్షన్ ఒక్కొక్కటిగా పేర్కొంటుంది, అందులో లేని కోత కోయడానికి వీల్లేదు. యజమాని తన వ్యాపారం కోసం తప్పనిసరి చేసిన యూనిఫాం ఖరీదు ఆ జాబితాలో ఎక్కడా లేదు. ఇల్లు, ఇతర సౌకర్యాలు ఇచ్చినందుకు కోయవచ్చు కదా అని వారు వాదించవచ్చు. అయితే పని కోసం అవసరమైన సామగ్రిని ఇవ్వడం ‘సేవ’ కిందికి రాదని పాత చట్టమే వివరణ ఇచ్చింది. మీరు కావాలని కొనుక్కున్న చీర కాదు కదా అది.

జరిమానా సంగతి 19వ సెక్షన్‌లో ఉంది. ఏయే తప్పులకు జరిమానా వేస్తారో యజమాని ముందుగా ప్రభుత్వం లేదా నిర్ణీత అధికారి అనుమతి తీసుకుని, ఆ జాబితాను పని ప్రదేశంలో నోటీసుగా పెట్టాలి. జరిమానా వేసే ముందు మీ వాదన వినాలి. వేసిన జరిమానాలన్నీ ఒక జీతపు కాలంలో ఆ కాలపు వేతనంలో 3 శాతానికి మించకూడదు. మీ 13,500 మీద 3 శాతం అంటే 405 రూపాయలు, మీ దగ్గర పట్టుకున్నది 1,200. నోటీసు, అనుమతి, విచారణ ఏవీ లేకపోతే ఆ 405 కూడా చెల్లదు. వసూలైన జరిమానాలను రిజిస్టర్‌లో రాసి ఉద్యోగుల మేలుకే ఖర్చు పెట్టాలి, గల్లాపెట్టెలో కలుపుకోవడానికి వీల్లేదు. మీ షాపులో ఆ రిజిస్టర్ ఉందేమో అడిగి చూడండి.

అక్రమంగా కోసిన మొత్తం కోసం మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు, డబ్బు సక్రమంగా చెల్లించామని రుజువు చేయాల్సిన భారం యజమాని మీదే ఉంటుంది. అయినా పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు ఖాతా కాగితాలు, వాట్సాప్ సందేశాలు భద్రం చేసుకోండి. పే స్లిప్ ఇవ్వడం కూడా యజమాని బాధ్యతే.

ఫొటో విషయం వీటన్నింటికంటే తీవ్రమైనది. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పని చేసే చోట ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. జారిన చీరతో ఉన్న మహిళ ఫొటోను ఆమె అనుమతి లేకుండా తీసి మగవాళ్లున్న గ్రూపులో పెట్టడం క్రమశిక్షణ చర్య అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఫిర్యాదు రాతపూర్వకంగా మూడు నెలల్లోపు ఇవ్వాలి, సరైన కారణం చూపితే మరో మూడు నెలల వరకు కమిటీ గడువు పొడిగించవచ్చు. మీ షాపులో కమిటీయే లేకపోతే ఆ సంగతిని జిల్లా అధికారి దృష్టికి తీసుకెళ్లాలి. అన్నిటికంటే ముందు ఆ సందేశాన్ని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తలరుమాలు విషయంలో మాత్రం మీకు ఆశ ఎక్కువ పెట్టలేను. రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చే మత స్వేచ్ఛను ప్రధానంగా ప్రభుత్వంపైనే అడగగలం, ప్రైవేటు షాపు యజమాని మీద దానిని నేరుగా ప్రయోగించడం కష్టం. కర్ణాటకలో హిజాబ్ మీద 2022లో వచ్చిన హైకోర్టు తీర్పు, అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల భిన్నాభిప్రాయం విద్యాసంస్థలకు సంబంధించినవి, షాపులకు సంబంధించినవి కావు. అయితే నల్లచొక్కాకు ఇచ్చిన సడలింపును రుమాలుకు నిరాకరించడానికి కారణం చెప్పమని యజమానిని అడగడంలో తప్పేమీ లేదు. నలభై ఒక్క రోజులు మెరూన్ చొక్కా లేకపోయినా షాపు నడిచిందంటే, రుమాలుతో షాపు ఆగిపోతుందని చెప్పడం ఆయనకు అంత సులభం కాదు.

కౌంటర్ వెనక:

నేను వరంగల్‌లోని ఒక బట్టల దుకాణంలో ఫ్లోర్ మేనేజర్‌ను. వకీలు గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, యజమానుల వైపు నుంచి కూడా ఒక సంగతి చెప్పాలి. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్క అంతస్తులో రెండు వందల మంది ఉన్నప్పుడు ఎవరు మనవాళ్లో ఎవరు కస్టమరో తెలియకపోతే, బీరువా దగ్గర నిలబడి చీర తీసి సంచిలో పెట్టుకునే మనిషిని కూడా పనిమనిషే అనుకుంటాం. మా దగ్గర ఒకసారి అలాగే జరిగింది. యూనిఫాం అందుకు పనికొస్తుంది, ఇంట్లో నాలుగు చీరలే ఉన్న అమ్మాయి పక్క అమ్మాయి చీరలను చూసి చిన్నబుచ్చుకోకుండా కూడా ఉంటుంది.

అయితే మేము ఏడాదికి రెండు జతలు షాపు ఖర్చుతోనే ఇస్తాం, ఉతుకు ఖర్చుల కింద నెలకు కొంత కలుపుతాం. బట్ట ఎంచేటప్పుడు నిచ్చెన ఎక్కే ఇద్దరు అమ్మాయిలకు ముందుగా కట్టబెట్టి, పై అరలోంచి కట్ట దించమని చూస్తాం. మొదట తెచ్చిన చీర ఇలాగే జారిపోతే తిప్పి పంపించి కాటన్ కలిసినది తెప్పించాం. జరిమానా వేయడం మేనేజర్ చేతగానితనమని నా అభిప్రాయం. పనివాడికి నచ్చజెప్పలేనివాడే జేబు కోస్తాడు. ఇక ఆ ఫొటో పెట్టిన మనిషి మా దగ్గరైతే ఆ సాయంత్రమే లెక్క చూసుకుని వెళ్లేవాడు.

బొగ్గు బాయి రిటైర్డ్:

చెల్లెమ్మా, నేను భూపాలపల్లి వైపు బొగ్గు బాయిలో చేసి రిటైర్ అయిన మనిషిని. మేము దిగేటప్పుడు తలకు హెల్మెట్, కాళ్లకు బూట్లు లేకుండా దిగనిచ్చేవారు కాదు, అవి ఉచితంగా ఇవ్వాలని గని నియమాల్లోనే ఉంది. ఫ్యాక్టరీలకు కూడా పాత సంగతే: 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ తిరిగే యంత్రం దగ్గర పని చేసేవాడు ఒంటికి బిగుతైన బట్టలు వేసుకోవాలని, వాటిని ఫ్యాక్టరీ నడిపేవారే ఇవ్వాలని ఒకే వాక్యంలో చెప్పింది. వేసుకోమనేవాడే ఇవ్వాలన్నది ఆ కాలం వాళ్లకు కూడా తోచింది.

నాకు మీ బూట్ల మాట ఎక్కువ బాధ కలిగించింది. రోజంతా నిలబడే వాళ్లకు బిగుతు బూట్లు తొడిగి, కూర్చోవడానికి స్టూలైనా వేయకపోతే కాళ్లు ఏమవుతాయి? కేరళలో బట్టల షాపుల ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం పోరాడితే 2018లో చట్టం మార్చారు, తమిళనాడు 2021లో మార్చింది. నిలబడి పని చేసేవారికి కూర్చునే ఏర్పాటు, బట్టలు పెట్టుకునే చోటు ఉండాలని 2020 నాటి పని ప్రదేశ భద్రత కోడ్‌లో కూడా రాశారు. యూనిఫాం మార్చుకోవడానికి మీకు గది ఉందా, లేక స్టాకు గదిలోనే మార్చుకుంటున్నారా?

నర్సంపేట బస్సు:

అందరికీ కృతజ్ఞతలు. బాపూ, మీరన్నది నిజమే. స్టాకు గదిలో తలుపుకు అడ్డంగా ఒకరు నిలబడితే మరొకరు మార్చుకుంటున్నాం. కూర్చోవడానికి ఏమీ లేదు, చీరల కట్టల మీద కూర్చుంటే తిడతారు.

వకీలు సారూ, ఒక్క భయం మిగిలింది. కాగితం రాసి ఇచ్చిన మర్నాడే రావద్దంటే ఏం చేయాలి?

అదాలత్ వకీలు:

మీకు నాలుగేళ్ల సర్వీసు ఉంది. 1988 షాపులు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలకు తగ్గకుండా వరుసగా పని చేసినవారిని సరైన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసు గాని ఆ నెల వేతనం గాని ఇవ్వకుండా తీసేయడానికి లేదు. దుష్ప్రవర్తన అంటే విచారణ జరిపి నిరూపించాలి. అలా తీసేస్తే కార్మిక శాఖ అధికారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. అయినా చట్టం ఉన్నంత మాత్రాన యజమాని తీసేయడని నేను చెప్పను. అందుకే ఒక్కరే కాకుండా కోతలు పడిన పదిమందీ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి, ఒక నకలు మీద షాపు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. కాగితంలో చీర రంగు మాట, సేటు మాల మాట రాయకండి. కోసిన మొత్తాలు, తేదీలు, తిరిగి ఇవ్వాలన్న కోరిక మాత్రమే రాయండి. ఫొటో ఫిర్యాదును దీనితో కలపకుండా వేరుగా ఇవ్వండి.

వకీలు ఖర్చు గురించి ఆలోచించకండి. 1987 న్యాయసేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

నర్సంపేట బస్సు:

పదిమంది అనుకుంటే ఏడుగురమే సంతకాలు పెట్టాం, మిగతా ముగ్గురూ ఇంట్లో అడిగి చెబుతామన్నారు. సేటు కాగితం చదివి, ముద్ర వేయకుండా పక్కన పెట్టారు గాని, శనివారం నాడు ఆయన అకౌంటెంట్ మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి నవంబర్ జరిమానా తిరిగి ఇచ్చారు. నాకు 1,200 వచ్చాయి. చీరల డబ్బు గురించి ఆడిటర్‌ను అడిగి చెబుతామన్నారు. ఇన్‌ఛార్జి గ్రూపులోంచి ఫొటో తీసేశాడు, నేను స్క్రీన్‌షాట్ తీసిన సంగతి అతనికి తెలియదు. ఆ ఫిర్యాదు కూడా నిన్న మేనేజర్ చేతికే ఇచ్చాను, షాపులో కమిటీ ఉందని ఆయనకే తెలియదట. ముస్లిం చెల్లెలికి చీర అంచు రంగులోనే రుమాలు కట్టుకోమని నోటి మాటగా ఒప్పుకున్నారు. సోమవారం నాకు వారపు సెలవు, ఆ రోజు కాగితం నకలు తీసుకుని లేబర్ ఆఫీసుకు వెళ్తున్నాము. సంతకం పెట్టని ముగ్గురిలో ఒకామె కూడా వస్తానంది.