కెమెరా ఎక్కడినుంచైనా కనిపిస్తోంది, ఏరియేటర్ స్విచ్ మాత్రం చెరువు దగ్గరే పనిచేస్తోంది, ఎందుకు?

చెరువుగట్టు:
మాది ఆకివీడు దగ్గర రెండెకరాల వనామి రొయ్యల చెరువండి, ఉండేది భీమవరంలో. గట్టు మీద షెడ్‌లో సిమ్ వేసే 4జీ రౌటర్ పెట్టాను. దానికి ఒక వైఫై కెమెరా, ఇంకా డిప్లొమా చదివే మా మేనల్లుడు ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుతో చేసిచ్చిన స్విచ్ పెట్టె ఉన్నాయి. ఆ పెట్టె నీళ్ళలో రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్ల కాంటాక్టర్‌ని, అంటే మోటర్లకి కరెంటు కలిపే పెద్ద స్విచ్‌ని, ఆన్ చేస్తుంది. షెడ్‌లో కూర్చుని ఫోన్‌లో 192.168.1.50 కొడితే పేజీ వస్తుంది, నొక్కితే ఏరియేటర్లు తిరుగుతాయి, బ్రహ్మాండం. భీమవరం వచ్చి అదే కొడితే తెల్ల స్క్రీన్. కెమెరా మాత్రం మొన్న హైదరాబాద్ పెళ్ళిలో భోజనాల దగ్గర కూర్చుని కూడా చూశాను. వీడియోలు చూసి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చినదాన్ని లోపలి పెట్టెకి పంపే సెట్టింగ్) చేశాను, ఏం లాభం లేదు. తెల్లవారుజామున మూడింటికి బండేసుకుని చెరువుకి పరిగెత్తే బాధ తప్పుతుందనే ఇదంతా.

కాలువలాకు:
అన్నా, 192.168తో మొదలయ్యేది మీ షెడ్ లోపలి నంబర్. మా ఇంట్లోనూ అదే నంబర్ ఉండొచ్చు. ఊరికో రామాలయం ఉంటుంది కదా, భీమవరంలో నిలబడి "రామాలయం పక్కిల్లు" అంటే ఏ ఊరి రామాలయం అనుకోవాలి?

ఇక పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయాలంటే మీ రౌటర్‌కి బయటినుంచి కనపడే సొంత ఐపీ, అంటే ఇంటర్నెట్ అడ్రసు నంబర్, ఉండాలి. ఐపీవీ4 రకం అడ్రసులు ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే, పంచడానికి ఉన్న పెద్ద నిల్వ 2011లోనే అయిపోయింది. అందుకే సిమ్ కంపెనీలు చాలామంది కస్టమర్లని కలిపి ఒకే పబ్లిక్ ఐపీ వెనక పెడతాయి, దాన్ని సీజీనాట్ అంటారు. మీరు తీసింది ఇంటి తలుపు, వీధి గేటు కంపెనీ చేతిలో ఉంది. రౌటర్ పేజీలో వాన్ ఐపీ, అంటే రౌటర్‌కి బయటివైపు ఉన్న నంబర్, చూడండి. 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా ఇదే సంగతి.

కెమెరాకి ఈ గొడవ లేదు. లోపలినుంచి అదే బయటికెళ్ళి తన కంపెనీ సర్వర్‌తో లైను కలిపి పట్టుకుని కూర్చుంటుంది. మీ యాప్ కూడా ఆ సర్వర్‌నే అడుగుతుంది. లోపలివాళ్ళు మొదలుపెట్టిన లైనులో జవాబు వస్తే ఏ రౌటరూ ఆపదు.

గోదారమ్మాయి:
పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయకపోవడం మీ అదృష్టం అండి. ఆ పేజీకి పాస్‌వర్డ్ ఉందా? లేకపోతే మీ ఏరియేటర్లు ఆపడానికి ఎవరికైనా ఒక్క నొక్కు చాలు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా బయటికి తెరిచి ఉన్న కెమెరాలని, రౌటర్లని వెతికి, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు ఓ అరవై వరకూ ప్రయత్నించి లక్షల సంఖ్యలో పట్టేసింది.

రెండు దారులున్నాయి. ఒకటి, మీ పెట్టె కూడా కెమెరాలాగే బయటికి వెళ్ళాలి. మేనల్లుడికి ఎంక్యూటీటీ (మధ్యలో ఒక సర్వర్ ద్వారా పరికరాలు చిన్న మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) అని చెప్పండి, 8883 పోర్ట్, పాస్‌వర్డ్ తప్పనిసరి, మిగతాది అతనే చూసుకుంటాడు. రెండు, షెడ్‌లో రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ గానీ పాత ల్యాప్‌టాప్ గానీ పెట్టి టెయిల్‌స్కేల్ (దూరంగా ఉన్న పరికరాల్ని ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లా కలిపే యాప్) వేసి, సబ్‌నెట్ రౌటర్‌గా, అంటే షెడ్‌లోని మిగతా పరికరాలకీ దారిచ్చేలా, సెట్ చేయాలి. ఫోన్‌లోనూ టెయిల్‌స్కేల్ వేస్తే భీమవరంలో ఉన్నా అదే 192.168.1.50 కొట్టుకోవచ్చు. నా ఓటు మొదటిదానికే, చెరువు గట్టు చెమ్మలో ల్యాప్‌టాప్ ఎన్నాళ్ళుంటుంది చెప్పండి.

ఉప్పుటేరు:
ఆయ్, ఇంటర్నెట్ సంగతి వీళ్ళు చెప్పారు, చెరువు సంగతి నేను చెప్తాను తమ్ముడూ. నేనూ ఇలాగే చేసి ఒక రాత్రి దెబ్బ తిన్నాను. ఫోన్‌లో ఆన్ అని పచ్చగా ఉంది, అక్కడేమో ఒక ఫేజ్ పోయి స్టార్టర్ ట్రిప్ అయ్యింది. నేను హాయిగా పడుకున్నాను. నాలుగింటికి కాపలా అబ్బాయి ఫోను, రొయ్య తేలుతోందని. నీ పెట్టె చెప్పేది "నొక్కాను" అనే, "తిరుగుతోంది" అని కాదు. మోటర్ వైరుకి కరెంట్ సెన్సర్ ఒకటి తొడిగించి, ఆంపియర్లు ఫోన్‌లో కనపడేలా చేయించు. కరెంటు లాగకపోతే అలారం కొట్టాలి.

ఇంకోటి, రాత్రి ఎన్నింటికి ఆన్ అవ్వాలో ఆ టైమింగ్ బోర్డులోనే ఉండాలి, గడియారం చిప్ పెట్టించు. సిగ్నల్ పోతే ఏరియేటర్లు ఆగకూడదు కదా. జనరేటర్ దగ్గర మనిషి ఎలాగూ ఉండాలి, అది ఏ యాప్ చేయదు.

చెరువుగట్టు:
వాన్ ఐపీ 10తోనే మొదలైందండి, అయితే అదే. ఫార్వర్డింగ్ తీసేశాను. పేజీకి పాస్‌వర్డ్ లేదు, అమ్మాయిగారు ఎలా కనిపెట్టారో గానీ. మావాడు ఎంక్యూటీటీ రెండు రోజుల్లో రాసిస్తానన్నాడు, సెన్సర్ ఆర్డర్ పెట్టాం. కరెంటు పోతే రౌటరూ పోతోంది, ఇంట్లో పాత స్కూటర్ బ్యాటరీ ఉంది, దానికి తగిలించేయొచ్చా?

కాలువలాకు:
ముందు అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చూడండి, కొన్ని రౌటర్లు 12, కొన్ని 5. 12 అయినా నేరుగా వద్దు, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఆ బ్యాటరీ 14 దాకా వెళ్తుంది. రౌటర్లకి చిన్న యూపీఎస్‌లు అమ్ముతారు, అది కొనండి. ఆ బోర్డుని కూడా దానిమీదే పెట్టండి, లేకపోతే కరెంటు పోయిందన్న మెసేజ్ పంపేవాడే ఉండడు.