వ్యాన్‌ల నల్ల సన్నగ ఇప్పితే పంపు టక్ టక్ అంటాంది, పంపే మార్చాల్నా?

హన్మకొండ వ్యానోడు:
అన్నలకు నమస్తే. పాత టెంపో ట్రావెలర్ తీస్కొని వెనక సీట్లు పీకిచ్చి మంచం, చిన్న కిచెన్ కట్టిపిచ్చిన, ఇంటోళ్లతోని లక్నవరం, బొగత దిక్కు పోయి ఆడ్నే పండేటట్టు. 100 లీటర్ల టాంకీ, 12 వోల్టుల డయాఫ్రం పంపు, ఆడికెళ్లి సీపీవీసీ పైపు సింకుకు, వెనక డోరు కాడి షవర్‌కు. నల్ల ఫుల్ ఇప్పితే మంచిగనే వస్తది, సన్నగ ఇప్పితేనే పంపు ఆగుకుంట నడుసుకుంట టక్ టక్ మంటది, రాత్రి పిల్లలు లేస్తున్నరు. ఇంకోటి, తాడ్వాయి దిక్కు పోయొచ్చినప్పుడల్లా పైపు మల్పే ఎల్బో కాడ చెమ్మ. షాపాయన మళ్ల సొల్యూషన్, అదే పైపులు అతికే గమ్ము, పెట్టుమంటడు. ఏం చేయమంటరు?

కాజీపేట్ స్పానర్:
పంపు మంచిగనే ఉన్నది తమ్మీ, పైసలు దండగ పెట్టకు. దాంట్ల ప్రెజర్ స్విచ్ ఉంటది, పైపుల ప్రెజర్ ఎక్కితే బంద్, దిగితే చాలూ. నల్ల సన్నగుంటే పంపు కొట్టేది ఎక్కువ, పోయేది తక్కువ, అందుకే ఊకె బందయి ఊకె చాలూ అయితది. నీళ్లను నొక్కలేం గని గాలిని నొక్కొచ్చు గదా, పంపు తర్వాత లైన్ల గాలి డబ్బా ఒకటి పడాలె, అక్యుమ్యులేటర్ అంటరు. కొత్తది పిరమనిపిస్తే సింకు కింది ఆర్వోకు వచ్చే చిన్న ప్రెజర్ ట్యాంకు చూడు, లోపట రబ్బరు బ్లాడర్ ఉంటది, లైన్ల టీ జాయింట్ వేసి కలుపుడే. మూతి సన్నదే గని పని నడుస్తది. ట్యాంకుల నీళ్లన్ని ఇడిసి, నల్ల తెరిసి పెట్టి, పంపు చాలూ అయ్యే ప్రెజర్ కన్న ఒకటి రెండు పీఎస్‌ఐ తక్కువ గాలి కొట్టు, టైరుకు ఉన్నట్టే వాల్వు ఉంటది. ట్యాంకు మీద రాసిన మాక్సిమం ప్రెజర్ మాత్రం పంపు బందయ్యే ప్రెజర్ కన్న ఎక్కువుండాలె, గది చూడకుంట కొనకు. పంపు కింద రబ్బరు ముక్కలు పెట్టు, దానికి అటు ఇటు కొంత దూరం మెత్తటి హోస్ వెయ్యి, గట్టి పైపు డైరెక్ట్ బిగిస్తే చప్పుడు బాడీ మొత్తం మోగుతది.

జమ్మికుంట రైతుబిడ్డ:
సీపీవీసీ ఇంట్ల గోడకు మంచిది, బండికి కాదు. సొల్యూషన్ ఎంత పూసినా కుదుపుకు జాయింట్ కాడ పగులుడే. నైలాన్ దారం అల్లిన హోస్ తెచ్చి స్టీల్ క్లిప్పులు బిగియ్యి, తాగే నీళ్లకు పనికొచ్చే రకమేనా అడిగి తీస్కో. టాంకీకి, పంపుకు నడుమ జాలి ఫిల్టర్ ఉన్నదా? కొత్త టాంకీల డ్రిల్లు పొట్టు ఉంటది, అది పంపు వాల్వుల ఇరుకుతది. ఇంకా, ఎవలన్న చేన్లకు పురుగుల మందు కొట్టే బ్యాటరీ పంపుల మోటర్ చవకగ వస్తదని పెడ్తమంటే వద్దు, ఒక్కసారి మందు తగిలినా అది నీళ్లకు పనికిరాదు, ఎన్నిసార్లు కడిగినా సరే.

హన్మకొండ వ్యానోడు:
జాలి లేదన్నా, వేపిస్త. టాంకీ వెనక టైర్ల ఎనకకు ఉన్నది, నడుస్తదా? సింకుల కెళ్లి వాసన గూడ వస్తాంది.

కాజీపేట్ స్పానర్:
100 లీటర్లంటే 100 కిలోలు, టాంకీ బరువు వేరే. ఎనకకు ఉంటే ముందల స్టీరింగ్ తేలిక అయితది, ఇరుసు మీదికి జరుపు, ఇనుప పట్టీలతోని ఛాసిస్‌కు కట్టు. సగం టాంకీతోని మలుపుల నీళ్లు ఊగుతయి, పోయేముందు నింపుడో, లేదంటే దగ్గరికి పోయినంక నింపుడో చెయ్యి. గాలి పైపు పైకి పెట్టినవా? లేకుంటే నీళ్లు తీసినకొద్ది టాంకీ లోపలికి గుంజుకుంటది.

ములుగు రోడ్డు:
వాసనకు సింకు కింద బాటిల్ ట్రాప్ పెట్టు, దాంట్ల నిలిసే నీళ్లే వాసనను ఆపేది. ఎండకాలం బండి ఊకె ఉంటే అవి ఎండిపోతయి, ఎక్కినంక ఒక చెంబు పొయ్యి. సింకు నీళ్లకు కింద వేరే డబ్బా పెట్టి లావు బాల్ వాల్వు వెయ్యి, సన్నదైతే అన్నం మెతుకులకే జామ్ అయితది. లక్నవరం కట్ట మీద, జంపన్నవాగుల ఇడువకుండ్రి, జనం తానాలు చేసే నీళ్లవి. ఇంటికొచ్చినంక బాత్రూం మోరీల పోసుకోరి.