మితంగా తాగితే విశ్వాసికి తప్పా?

దారి వెతుకుతూ:
అందరికీ వందనాలు. ఇంట్లో పెళ్లి విందు గురించి మాట్లాడుకుంటుంటే పెద్ద వాదనే అయింది. "మత్తెక్కనంత వరకు ఒక గ్లాసు వైన్ తాగితే పాపం కాదు. నిషేధం ఎక్కడుందో చూపించు" అన్నాడు మా బావ. నా దగ్గర జవాబు లేకపోయింది. బైబిల్ వాక్యం చూపించి చెప్పండి.

ఒలీవకొమ్మ:
మీ బావగారి మాటలో నిజం ఉంది బ్రదర్. కానా ఊరి పెళ్లి విందులో ప్రభువైన యేసు ఆరు రాతిబానల నీళ్లను ద్రాక్షారసంగా మార్చాడు. ఒక్కో బాన రెండు మూడు తూములు పట్టేది. మనిషి హృదయాన్ని సంతోషపెట్టే ద్రాక్షారసాన్ని 104వ కీర్తన దేవుడిచ్చిన వాటిలోనే లెక్కవేసింది. ఎఫెసీ 5:18 వద్దన్నది మత్తును. దేవుడు గీయని గీత మనం గీసి, దాటినవాణ్ణి పాపి అనాలంటే నాకు భయం.

చిన్న దీపం:
అన్నా, కానాలో చేసింది పులియని రసమని మా సంఘంలో బోధిస్తారు. తళతళలాడే ద్రాక్షారసం వైపు చూడనే వద్దని సామెతలు 23లో ఉంది కదా?

ఒలీవకొమ్మ:
సిస్టర్, ఆ అధ్యాయం ద్రాక్షారసంతో పొద్దుపుచ్చేవాళ్ల గురించి. కానా సంగతికొస్తే, జనం మత్తుగా ఉన్నప్పుడు నాసిరకం పోస్తారని విందుప్రధానే అన్నాడు. కొరింథు సంఘంలో ప్రభువు బల్ల దగ్గరే, అంటే ప్రభువును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే చోటే కొందరు మత్తులయ్యారు. పులియని రసంతో మత్తెలా ఎక్కుతుంది? పులియకుండా వేడిచేసి సీసాల్లో నిలవ చేసిన రసం ప్రభువు బల్లకు వాడడం 1869లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు సంఘపు దంతవైద్యుడి నుంచి వ్యాపించింది. ఆయన ఉద్దేశం మంచిదే, కానీ దాన్ని కానాలో వెతకకూడదు.

రాతిబాన:
లేఖనం అర్థం దగ్గర ఒలీవకొమ్మ గారిదే సరైన మాట. అయినా నేను ముట్టను. 11 ఏళ్లు తాగినవాణ్ణి. మొదలైంది ఒక్క గ్లాసుతోనే. పోసింది నేను గౌరవించే ఒక విశ్వాసి, అదీ ప్రేమతోనే. మానేసిన కొత్తలో ఒకచోట ఆరాధనకు వెళ్లాను. ప్రభువు బల్లలో నిజమైన వైన్ ఇస్తారని నాకు తెలియదు. గిన్నె పెదవుల దాకా వచ్చాక వాసన తగిలింది. నోట్లో నీళ్లూరాయి, చేయి వణికింది. తాగకుండానే పక్కాయనకు అందించి, ఆరాధన అయ్యేదాకా తల ఎత్తలేదు. ఆ వరుసలో మిగతావాళ్లు ప్రశాంతంగా తీసుకున్నారు. ద్రాక్షారసం తాగడం సహోదరునికి అడ్డమైతే మానేయడం మంచిదని రోమా 14:21 అంటుంటే, ఆ సహోదరుడు నేనే అనిపిస్తుంది.

ఇంకో మాట. పులిసిన ద్రాక్షారసంలో ఆల్కహాల్ మామూలుగా 15 శాతం దాటదు. ఆ రోజుల్లో దాన్ని నీళ్లు కలిపి తాగడం వాడుక. విస్కీ, బ్రాందీల్లో 40 శాతం దాకా ఉంటుంది. ఆ రసం గురించిన వచనాలు తెచ్చి వీటికి అతికించలేం. తన శిష్యుడు తిమోతికి పౌలు కొంచెం పుచ్చుకోమన్నది కడుపు జబ్బు కోసం. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ మద్యంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఒంటికి మంచిదనే మాట ఇక పక్కన పెట్టేయొచ్చు.

ఒలీవకొమ్మ:
మీ సాక్ష్యం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను అన్నా. కానీ అదే రోమా 14లో మూడో వచనం కూడా ఉంది. తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు.

రాతిబాన:
ఒప్పుకుంటాను. తమ్ముడి బావకు నేను తీర్పు తీర్చను. తమ్ముడూ, విందుకు ఎవరెవరు వస్తున్నారో ఒకసారి లిస్టు తీసి చూడు. మానడానికి పోరాడుతున్నవాళ్లు అందులో ఉన్నారా?

దారి వెతుకుతూ:
చూశాను అన్నా. నాలుగో పేరు మా చిన్నాన్నది. ఆయన మానేసి ఎనిమిది నెలలైంది. బావకు ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.